షట్టర్ సగంలో ఆగుతోంది, ఇంట్లో గొడవ ఆగట్లేదు

ఈసారి ఉత్తరం బెంగళూరు నుంచి వచ్చింది. రాసినావిడ పేరు వద్దన్నారు, ఏరియా కూడా వద్దన్నారు, కేఆర్ పురం అవతల ఎక్కడో అనుకోండి చాలు. సొంతూరు కదిరి దగ్గర. మామగారు రిటైరైన డబ్బుతో 2009లో ఇక్కడ ఇల్లు కట్టించారు. కింద ముందువైపు కారు షెడ్డు, వెనక వీళ్ల పోర్షను, పైన రెండు పోర్షన్లు అద్దెకి. షెడ్డుకి పదడుగుల వెడల్పు రోలింగ్ షట్టరు, పీణ్యా పారిశ్రామికవాడలో తెలిసినవాళ్ల దగ్గర మామగారే దగ్గరుండి చేయించారట. చాలా ఏళ్లు చేత్తోనే ఎత్తి దించుకున్నారు. పెద్దాయనకి నడుం నొప్పి మొదలయ్యాక, ఇప్పటికి నాలుగేళ్లవుతోంది, వాళ్లాయన షట్టరు చుట్టుకునే పాత కడ్డీ, అంటే షాఫ్టు మీదే మధ్యలో ఒక మోటారు బిగించి చేతికి రిమోటు ఇచ్చారు.

పోయిన వానాకాలం నుంచి కష్టాలు మొదలు. సగం పైకెళ్లి ఆగిపోద్ది, ముఖ్యంగా మధ్యాహ్నం పూట. కాసేపాగి నొక్కితే మళ్లీ లేస్తుంది. పెద్ద వాన పడితే కిందనుంచి నీళ్లు లోపలికి వచ్చేస్తాయి. మామగారు మెకానిక్ షెడ్డు నుంచి వాడేసిన ఇంజిన్ ఆయిల్ డబ్బాతో తెచ్చి ఆదివారం ఆదివారం రెండు పక్కలా గైడుల్లో, అంటే షట్టరు అంచులు జారే ఇనుప గాడుల్లో పోస్తారు, "ఎండకి రేకు ఉబ్బి ఇరుక్కుంటోంది, నూనె ఉంటే ఏం కాదు" అంటారు. వాళ్లాయన ఇంటి నుంచే పని చేస్తారు, డల్లాస్‌లో అన్నయ్య ఇంట్లో గరాజ్ డోర్ చూసొచ్చిన దగ్గర్నుంచి అమెరికా వాళ్ల వీడియోలు చూడ్డం, ఇది పీకేసి సెక్షనల్ డోర్, అంటే పలకలు పలకలుగా మడుస్తూ పైకెళ్లే తలుపు పెట్టిద్దాం, దానికైతే కింద ఎవరైనా అడ్డొస్తే ఆపే సెన్సారు ఉంటుంది అనడం. కొటేషన్ కూడా తెప్పించారు, లక్షా డెబ్బై వేలు. అది చూసిన రోజు మామగారు కంచం ముందు నుంచి లేచిపోయారు. పైన అద్దెకుండే అబ్బాయిది నైట్ షిఫ్టు, పొద్దున్నే పడుకుంటాడు, షట్టర్ లేచినప్పుడల్లా మంచం అదురుతోందని ఇల్లు ఖాళీ చేస్తానంటున్నాడు. వీటన్నిటి మధ్యలో మూడు వారాల కిందట, సగంలో ఆగిన షట్టరు ఎవరూ బటన్ నొక్కకుండానే జారి కిందకి వచ్చేసింది. ఆరేళ్ల పాప సరిగ్గా అప్పుడే దాని కింద నుంచి బయటికి దూరింది. పాపకి ఏం కాలేదు, కానీ ఆ రోజు నుంచి నాకు నిద్ర పట్టట్లేదు అని రాశారు.

ఆవిడ అడిగింది మూడు. ఇద్దరిలో ఎవరు కరెక్టు, పూటకో రకంగా మారే ఈ ఊరి వాతావరణానికి షట్టర్‌కి ఏ నెలలో ఏం చేయించాలి, మామయ్య మనసు నొప్పించకుండా ఆ నూనె ఆపించడం ఎలా. ఆ తర్వాత సంతకం కింద ఒక వాక్యం ఉంది: "అన్నట్టు వాన రోజుల్లో తడి చేత్తో ముట్టుకుంటే షట్టరు కొంచెం జివ్వుమంటుంది, ఇనుము కదా, అది మామూలేనా?"

అమ్మా, ఆ చివరి వాక్యం నుంచే మొదలుపెడతాను. మామూలు కాదు. ఇనుము దానంతటది జివ్వుమనదు, ఎక్కడో కరెంటు లీకై షట్టర్ రేకులోకి వస్తోంది. మోటారు లోపలికి తడి పోయి ఉండొచ్చు, షట్టరు చుట్టుకునే పైపెట్టె, అదే హుడ్ లోపల వైరు షాఫ్టుకి రాసుకుని పైతోలు పోయి ఉండొచ్చు, ఎర్తు వైరు అసలు కలిపే ఉండకపోవచ్చు. ఏదైనా సరే ఇది చదివిన వెంటనే షట్టర్‌కి కరెంటు ఇచ్చే స్విచ్చు ఆపేయండి, స్విచ్చు ఏదో తెలియకపోతే ఎంసీబీ దించేయండి, ఎలక్ట్రీషియన్ వచ్చి చూసేదాకా ఎవర్నీ వెయ్యనివ్వకండి. కారు నాలుగు రోజులు రోడ్డు మీద ఉంటే ఉంటుంది. ఎలక్ట్రీషియన్‌కి చెప్పాల్సింది కూడా రాసిపెట్టుకోండి, లేకపోతే టెస్టర్ పెట్టి చూసి ఏం లేదు మేడం అని వెళ్లిపోతారు, ఎందుకంటే ఎండ రోజున నిజంగానే ఏం ఉండకపోవచ్చు. మోటారు బాడీకీ షట్టర్‌కీ ఎర్తు ఉందా, ఆ ఎర్తు నిజంగా పనిచేస్తోందా, షెడ్డు లైనుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్చు ఉందా, ఈ మూడూ అడగండి. ఎంసీబీ ఉంది కదా అంటారు, ఎంసీబీ వైర్లు కాలిపోకుండా చూస్తుంది, మనిషికి షాక్ కొట్టేంత చిన్న లీకుకి అది పడదు, దానికి ఆర్‌సీసీబీనే కావాలి. 2009లో కట్టిన ఇళ్లలో చాలావాటికి ఉండదు. ఉంటే దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కి పడుతోందో లేదో చూసుకోవాలి, ఆ బటన్ ఎందుకో చాలామందికి తెలియదు.

ఇక జారిపడ్డం సంగతి. మీ ఇంట్లో నెలల తరబడి నడుస్తున్న గొడవ పాత షట్టరా కొత్త డోరా అని, నూనె మంచిదా చెడ్డదా అని. మీ పాప నెత్తి మీదకి షట్టరు జారింది మాత్రం ఆ రెండింటికీ సంబంధం లేని చోట పాడైనందుకు, అంటే స్ప్రింగు దగ్గరో మోటారు బ్రేకు దగ్గరో. అది ఎవరూ చూడలేదు. మీరు కూడా ఉత్తరంలో స్ప్రింగు అనే మాటే రాయలేదు.

మీది మొదట్లో చేత్తో ఎత్తే షట్టరు కదా, దాని షాఫ్టు మీద డబ్బాల్లో చుట్టల స్ప్రింగులుంటాయి, షట్టర్ దించేటప్పుడు అవి బిగుసుకుంటాయి, ఎత్తేటప్పుడు ఆ బిగువు బరువుని మోస్తుంది. మన వైపు బావుల దగ్గర ఏతానికి వెనక బరువు కట్టేవాళ్లే, ఒక్క మనిషి అంత నీళ్లు తోడేవాడంటే ఆ వెనక బరువు వల్లే, ఇదీ అంతే. మధ్యలో పెట్టే మోటారు చిన్నది, స్ప్రింగులు బరువు మోస్తాయన్న లెక్కతోనే దాన్ని పెడతారు. పదిహేనేళ్లు దాటిన స్ప్రింగులు, ఒకటి విరిగిపోయిందనుకోండి లేదా బిగువు సడలిపోయిందనుకోండి, మోటారు మొత్తం బరువు తనే లాగుతూ ఉంటుంది, మీకు పైకి తెలియదు, రిమోటు నొక్కితే లేస్తోంది కదా. చేత్తో ఎత్తే రోజుల్లోనైతే బరువెక్కిందని మామయ్య చెయ్యే చెప్పేసేది. అలా మోసీ మోసీ మోటారు వేడెక్కి సగంలో ఆగుతుంది, చల్లారాక మళ్లీ లేస్తుంది, బ్రేకు అరిగాక ఆగినచోట నిలబడలేక జారుతుంది. మీరు రాసిన వరస సరిగ్గా ఇదే.

ఇది తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది, కానీ షట్టర్ వాళ్లని పిలిచి వాళ్ల చేతే చేయించండి. కరెంటు ఆపి, షట్టర్ పూర్తిగా కిందకి ఉన్నప్పుడు మాత్రమే మోటారు రిలీజ్ వైరు, అంటే మోటారు పట్టు వదిలించే తీగ లాగి చేత్తో ఎత్తాలి. పైన ఉన్నప్పుడు ఆ వైరు లాగకూడదు, స్ప్రింగు చచ్చి ఉంటే మొత్తం ఒక్కసారే కూలుతుంది. బాగున్న షట్టర్ ఒక మనిషి పెద్దగా కష్టపడకుండా లేస్తుంది, నడుం ఎత్తులో మెల్లగా పట్టు సడలిస్తే అక్కడే ఉంటుంది లేదా నిదానంగా కదులుతుంది. ఇద్దరు పట్టి లేపాల్సొస్తే, వదలబోతే కిందకి గుంజుతుంటే స్ప్రింగు పోయినట్టే. అలా కాకుండా దానంతటదే పైకి ఎగిరిందంటే బిగువు ఎక్కువైనట్టు, అదీ మంచిది కాదు. అమెరికా డోర్లకి కూడా ఇదే పరీక్ష, మీ ఆయన చూసే వీడియోల్లో ఎర్ర తాడు లాగి డోర్ సగానికి ఎత్తి వదిలి చూపిస్తారు చూడండి, అదే. స్ప్రింగు మార్చడం, బిగించడం మాత్రం ఇంట్లో ఎవరూ ముట్టుకోకూడదు, షట్టర్ పైన ఉన్నా కింద ఉన్నా ఆ షాఫ్టులో ఎంతో కొంత బిగువు ఉంటూనే ఉంటుంది, పైప్ రెంచి చేతిలోంచి జారి చేతులు విరిగినవాళ్లున్నారు.

ఇప్పుడు ఎవరు కరెక్టో మాట్లాడుకుందాం.

మామయ్య గమనించింది నిజం, చెప్పిన కారణం తప్పు. మధ్యాహ్నం పూట ఎక్కువ ఆగుతోందన్నది నిజమే. కానీ రేకు ఉబ్బడం లెక్క కట్టి చూడండి. ఉక్కు మీటరుకి ఒక్కో డిగ్రీకి మిల్లీమీటరులో వందో వంతు కంటే కొంచెం ఎక్కువ పెరుగుతుంది. మీ షట్టరు వెడల్పు సుమారు మూడు మీటర్లు. జనవరి తెల్లారుజామున 15 డిగ్రీలు, ఏప్రిల్ మధ్యాహ్నం పడమటి ఎండలో రేకు 60 దాకా కాలిందనుకున్నా, పెరిగేది ఒకటిన్నర మిల్లీమీటరు. గైడుల్లో రెండు పక్కలా అంతకంటే ఎక్కువే ఖాళీ వదులుతారు. ఈ ఊళ్లో వందేళ్ల పైబడిన రికార్డుల్లో అతి తక్కువ 1884 జనవరిలో 7.8 డిగ్రీలు, అతి ఎక్కువ 2016 ఏప్రిల్‌లో 39.2, ఆ రెంటి మధ్య తేడాకి కూడా మూడు మీటర్ల రేకు మిల్లీమీటరు పైన ఓ పిసరు కదులుతుందంతే. మధ్యాహ్నం ఆగేది మోటారు వల్ల. లోపల వేడి ఒక హద్దు దాటితే ఆగిపోయేలా కటాఫ్ ఉంటుంది, హుడ్ అప్పటికే ఎండకి కాగి ఉంటే ఆ హద్దు తొందరగా వస్తుంది.

నూనె విషయంలో మాత్రం మెత్తగా చెప్పలేను. వాడేసిన ఇంజిన్ ఆయిల్లో అరిగిన ఇనుప రజను ఉంటుంది, మసి ఉంటుంది, దానికి మీ రోడ్డు మీద మెట్రో పనులదో ఫ్లాట్ల పనులదో దుమ్ము కలిసి గరుకు ముద్దవుతుంది, ఆ ముద్ద గైడులో కూర్చుని పట్టీల అంచులు అరగదీస్తుంది, స్ప్రింగు వీకైన షట్టర్‌ని ఇంకా బరువు చేస్తుంది. వానకి కొట్టుకొచ్చి ముగ్గు వేసే చోట మరకలు పడుతుంది. పాప చేతులు ఆ గైడు మీద పెట్టకుండా ఉంటుందా? చర్మానికి తగలకూడని సరుకది, ప్రమాదకర వ్యర్థాల కింద లెక్కేసేది. గైడుకి అసలు కారే నూనెలే వద్దు. పొడి బ్రష్షుతో దులిపి, కిరసనాయిలు తడిపిన గుడ్డతో పాత జిడ్డు తుడిచి, ఆరాక కొవ్వొత్తి రుద్దితే చాలు, లేదంటే సిలికాన్ స్ప్రే పల్చగా. డబ్ల్యూడీ-40 కొట్టేస్తే సరిపోద్దని కూడా అంటుంటారు, ఆ నీలం డబ్బా పట్టేసిన తుప్పు వదిలించడానికి, తడి తోలడానికి బాగుంటుంది గానీ నెలల తరబడి జారుడు నిలబెట్టడానికి కాదు. బేరింగుల దగ్గర గ్రీజు, తాళం రంధ్రంలో గ్రాఫైట్ పొడి, అంతే.

మీ ఆయన సంగతి. సెన్సారు గురించి ఆయన చెప్పింది నూటికి నూరు పాళ్లు కరెక్టు. అమెరికాలో 1993 జనవరి 1 తర్వాత తయారైన ఇళ్ల గరాజ్ డోర్ మోటార్లకి, ఏదైనా అడ్డు తగిలితే వెనక్కి లేవడమే కాకుండా, నేలకి ఆరంగుళాల లోపు అడ్డంగా కిరణం లాంటి ఇంకో రక్షణ కూడా ఉండాలని చట్టం, పిల్లలు నలిగి చనిపోయిన సంఘటనల తర్వాతే వచ్చింది అది. మీ పాత మోటారుకి అలాంటిదేం లేదు. కానీ ఆయన చూసే మెయింటెనెన్సు వీడియోల్లో సగం మనకి పనికిరావు. చలికాలం ముందు గ్రీజు మార్చు, కింద రబ్బరు మంచుకి నేలకి అతుక్కోకుండా చూడు, రోడ్డు మీద చల్లిన ఉప్పు కడుగు, ఇవన్నీ అక్కడి బాధలు. ఇంకోటి, సెక్షనల్ డోర్ పెట్టేస్తే ఇక చూసుకునే పని లేదు అనుకుంటున్నారేమో. వాటికీ స్ప్రింగులే, మామూలు రకం స్ప్రింగు పదివేల సార్లు ఎత్తి దించడానికి లెక్క కట్టి చేస్తారు, మీరు రోజుకి నాలుగు సార్లు తీస్తామని రాశారు, ఏడేళ్లు నిండకముందే ఆ లెక్క అయిపోద్ది.

మన బెంగళూరుకి మన క్యాలెండరే వేసుకోవాలి, నన్నడిగితే నెలల పేర్లకంటే పండగలు గుర్తుంటాయి. పెద్ద పని ఉగాదికి ముందు, అంటే ఫిబ్రవరి, మార్చి. ఈ ఊళ్లో పూర్తిగా పొడిగా ఉండేది అప్పుడే, పెయింటు ఆరుతుంది, సిమెంటు పని నిలుస్తుంది. స్ప్రింగు పరీక్ష, గైడులు కడగడం, బోల్టులు బిగించడం, తుప్పు గీకడం అన్నీ అప్పుడే. తుప్పు ఎప్పుడూ కింద పట్టీ నుంచే మొదలవుతుంది, వాన ఒక్కటే కారణం కాదు, రోజూ పొద్దున వాకిలి కడిగి ముగ్గేస్తాం కదా, కారు కూడా అక్కడే బోరు నీళ్లతో కడుగుతాం, ఏడాది పొడుగునా ఆ పట్టీ తడుస్తూనే ఉంటుంది. కడిగాక ఒక్క గుడ్డ పెట్టి తుడిస్తే చాలా మేలు. పెయింటు వేయించేటప్పుడు రెండు జాగ్రత్తలు. జీఐ, అంటే జింకు పూత ఉన్న పట్టీలైతే మామూలు ఎనామెల్ నేరుగా కొట్టకూడదు, పొరలు పొరలుగా లేచిపోద్ది, జీఐకి వాడే ప్రైమర్ వేరే ఉంటుంది, అడిగి తెప్పించండి. రెండోది, షట్టర్ మూసి దిట్టంగా కొట్టేస్తే పట్టీల కీళ్లలో పెయింటు ఎండి బిగుసుకుంటుంది, పల్చగా కొట్టించి, చెయ్యికి అంటుకోనంత ఆరాక నాలుగైదు సార్లు ఎత్తి దించాలి.

ఏప్రిల్, మే మామిడి జల్లులు మీకు తెలిసిందే, మూడింటిదాకా ఎండ మాడ్చేసి నాలుగింటికి గాలి దుమారం, ఉరుములు, ఒక్కోసారి వడగళ్లు. అప్పుడు షట్టర్‌కి భయం పిడుగుల వల్ల, కరెంటు ఎగిరి కంట్రోల్ బోర్డు కాలిపోతుంది, మబ్బు పట్టగానే దాని స్విచ్చు ఆపడం అలవాటు చేసుకోండి. జూన్, జులై తుంపర్లకి పెద్దగా చేసేదేం లేదు. వినాయక చవితికి ముందు మాత్రం రెండోసారి చూడాలి, ఎందుకంటే ఈ ఊళ్లో గట్టి వానలు సెప్టెంబరు, అక్టోబరువే. 2022 సెప్టెంబరు మొదట్లో ఔటర్ రింగ్ రోడ్డు, సర్జాపుర రోడ్డు వైపు బేస్‌మెంట్లు మునిగింది కూడా అప్పుడే. గైడుల అడుగున మట్టి తీసేయడం, బయటి జాలీ కాలవ శుభ్రం, కింద రబ్బరు పట్టీ చిరిగితే మార్చడం, ఎర్తు చూపించుకోవడం, హుడ్ విప్పించి లోపల కందిరీగల మట్టిగూళ్లు, బల్లులు, ఎలకలు ఉన్నాయేమో చూడ్డం. నవ్వకండి, బోర్డు మీదకి ఎక్కి చచ్చిన బల్లి వల్ల ఆగిన షట్టర్లు బోలెడు. మూడోసారి వానలన్నీ అయ్యాక, బంగాళాఖాతం వాయుగుండాల ముసురు కూడా పోయాక, సంక్రాంతి టైముకి. కొత్తగా తుప్పు మచ్చలొచ్చాయేమో, రిమోటు ఆపిన చోటే ఆగుతోందా లేక లిమిట్, అంటే ఎక్కడ ఆగాలో పెట్టిన సెట్టింగు కదిలి నేలని గుద్దుతోందా అని చూసుకోవడమే. ఆయుధపూజకి ఎలాగూ షట్టర్‌కి బొట్టు పెడతారు, ఆ రోజు ఓ చూపు చూస్తే అదనం.

లోపలికి నీళ్లొచ్చేది షట్టర్ తప్పు కాకపోవచ్చు. నేల వాలు బయటికి ఉందా లోపలికి ఉందా ఒక చెంబు నీళ్లు పోసి చూడండి. లోపలికుంటే ఎంత ఖరీదు డోర్ పెట్టినా రబ్బరు కింద నుంచి వస్తాయి, ముందు మేస్త్రి పని. రోడ్డు ఎత్తు పెంచుకుంటూ పోయారా మీ వీధిలో కూడా? అలాగైతే షట్టర్ బయట అడ్డంగా జాలీ కాలవ తప్పదు.

మీ ముందున్న దారులు ఇవి. ఒకటి, స్ప్రింగులు మార్పించి, మోటారు బ్రేకు, లిమిట్లు సర్వీసు చేయించి, కుదిరితే సెన్సారు పెట్టించి ఇదే షట్టర్ ఉంచుకోవడం. ఖర్చు కొత్త డోర్‌తో పోలిస్తే చాలా తక్కువ, మామయ్య మాట నిలబడుతుంది, చప్పుడు తగ్గుద్ది కానీ పోదు, ఏడాదికి మూడు సార్లు ఎవరో ఒకరు పట్టించుకోవాలి. ఇక్కడ మెలిక సెన్సారు దగ్గరే, మీ మోటారు బోర్డులో దానికి కనెక్షను ఇచ్చే చోటుందో లేదో అడగాలి, లేకపోతే బోర్డో మోటారో మార్చాలి. రెండోది, స్ప్రింగులు మార్పించి మోటారే తీసేయడం. మీ ఆయనకి నచ్చదు, వానలో దిగి ఎత్తాలి, నిజమే. కానీ జివ్వుమనడం ఉండదు, కరెంటు పోయినా బాధ లేదు, బిగువు సరిగ్గా ఉంటే మీరొక్కరే ఎత్తగలరు. నడుం నొప్పి ఉన్న మనిషి వంగి పిడి పట్టుకోవాలి కాబట్టి మామయ్యకి కష్టం, ఆ ఒక్కటీ ఆలోచించుకోండి. మూడోది సెక్షనల్ డోర్. చప్పుడు తక్కువ, సెన్సార్లు దాంతోనే వస్తాయి. డబ్బు సంగతి పక్కనపెట్టినా సంతకం పెట్టే ముందు షెడ్డు కొలిపించండి, డోర్ పైకెళ్లి సీలింగు కింద పడుకుంటుంది కాబట్టి లింటల్ పైన ఎంతో కొంత ఖాళీ కావాలి, లోపలికి డోర్ ఎత్తంత చోటు కావాలి, మధ్యలో బీము గానీ పైపు గానీ ఉంటే లెక్క మారిపోద్ది. విడిభాగాలు ఈ ఊళ్లోనే దొరుకుతాయా, ఎన్ని రోజుల్లో వస్తారు అన్నది కాగితం మీద రాయించుకోండి. షట్టరే తీసేసి మామూలు గేటు పెట్టేసే దారి కూడా ఉంది గానీ మీ వీధి దుమ్ముకి, దొంగల భయానికి మీరే ఒప్పుకోరనుకుంటా.

నేనైతే మొదటిదానికే మొగ్గుతాను. మొదట స్ప్రింగు, ఎర్తు సరిచేయించి ఒక వానాకాలం చూసి అప్పుడు డోర్ సంగతి తేల్చుకోవచ్చు. ఒకే ఒక్క మినహాయింపు, సెన్సారు ఏ రకంగానూ కుదరదంటే అప్పుడు మీ ఆయన పక్షానికి బరువొస్తుంది, ఆరేళ్ల పిల్ల ఉన్న ఇంట్లో గుడ్డిగా దిగే రిమోటు షట్టర్ ఉండకూడదు, అప్పుడు మోటారు తీయడమో డోర్ మార్చడమో. బాగయ్యాక కూడా, రిమోటు పాపకి అందని చోట, షట్టర్ కనబడే చోట నిలబడే నొక్కాలి, కదులుతున్న షట్టర్ కింద నుంచి పెద్దాచిన్నా ఎవరూ దూరకూడదు. పిల్లలు చెబితే వినరు, మనం దూరకపోతే మానేస్తారు.

మామయ్యకి చెప్పడం దగ్గరికొద్దాం. మీరు ఉత్తరంలో ఆయన గురించి రాసినంతలో నాకర్థమైంది ఏంటంటే, మోటారొచ్చాక ఆ షట్టర్‌లో ఆయనకి మిగిలిన పని ఆ ఆదివారం నూనె ఒక్కటే. కొటేషన్ కాగితం ఆయన కంచం ముందు పడేసరికి అదీ పోయిందనిపించి ఉంటుంది. మీ ఆయన చేత చెప్పిస్తే తండ్రీకొడుకుల పాత లెక్కలన్నీ బయటికొస్తాయి. అత్తయ్య చేత చెప్పిస్తే ఆ రోజుకి ఒప్పుకుని మరుసటి ఆదివారం డబ్బా మళ్లీ వస్తుంది. షట్టర్ మేస్త్రి చేత, ఇద్దరూ అక్కడే ఉండగా చెప్పిస్తే వినే అవకాశం ఎక్కువ, చేసేవాడు చెప్పాడు కాబట్టి, పైగా అప్పుడు గైడులో ముద్ద కళ్ల ముందే గీకి చూపిస్తాడు. లేదా మీరే అడగొచ్చు, "మామయ్యా, మధ్యాహ్నమే ఆగుతోందని మీరన్నది నిజమే, మోటారు వేడెక్కుతోందంట, వచ్చినోళ్లకి మీరే దగ్గరుండి చూపించండి" అని. ఆయన ఒక చోట కరెక్టు అన్నది ముందు వినబడాలి. ఉగాది, చవితి, సంక్రాంతి పనులకి ఒక పుస్తకం పెట్టి ఆయన చేతికివ్వండి, ఎవరొచ్చారు, ఏం చేశారు, ఎంతైంది రాసే పని. స్టూలెక్కే పని మాత్రం వద్దు. ఒకవేళ ఇవేవీ పనిచేయక నూనె ఆగలేదనుకోండి, కొట్లాడకండి, అది షట్టర్‌ని పాడుచేస్తుందే గానీ స్ప్రింగూ ఎర్తూ బాగుంటే ప్రాణం మీదకి రాదు, మీ పట్టుదల ఆ రెండింటి మీద ఉంచండి.

మీరు "నేను ఇంజినీర్ని కాదు, నా మాట ఎవరు వింటారు" అని రాశారు. ఆ షట్టర్ రోజుకి నాలుగు సార్లు తీసేది ఎవరు? పాపని స్కూల్లో దింపేదీ తెచ్చేదీ మీరే కదా. ఎప్పుడు ఆగుతోందో, ఎప్పుడు జివ్వుమంటోందో ఇంట్లో అందరికంటే మీకే తెలుసు. ఫోన్ మీరే చేయండి, ఎలక్ట్రీషియన్‌కీ షట్టర్ వాళ్లకీ.

పై అబ్బాయికి ఇప్పుడే అద్దె తగ్గించేయకండి. స్లాబుకి బిగించిన బ్రాకెట్ల బోల్టులు వదులైతే, స్ప్రింగు లేక మోటారు గుంజుతుంటే అదురు పైకి పాకుతుంది, బోల్టులు బిగించి కింద రబ్బరు ప్యాడ్లు పెట్టించాక ఎలా ఉందో అతన్నే అడగండి. అప్పటికీ అదిరితే పొద్దున అతను పడుకున్నాక షట్టర్ ఎన్నిసార్లు తీయక తప్పదో మాట్లాడుకోవచ్చు, స్కూలు టైము మారదు కాబట్టి అతనికీ కొంత సర్దుబాటు తప్పదు.

షట్టర్ వాళ్లొచ్చినప్పుడు ఒక్కటి గమనించండి. మోటారు రిలీజ్ వైరు లాగి చేత్తో ఎత్తి చూడకుండానే స్ప్రింగు బానే ఉంది మేడం, మోటారు మార్చాలి అన్నారంటే, టీ ఇచ్చి పంపించేసి ఇంకొకర్ని పిలవండి.